తిమ్మమ్మ అడిగిన కిటికీ

ఇరవై రెండేళ్ళుగా తిమ్మమ్మ అడిగింది ఒక్క కిటికీ. మేడ అడిగిందా, మాన్యం అడిగిందా? గుంతకల్లు స్టేషను ఎదురుగా ఉన్న శెట్టిగారి హోటల్లో బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ ఆమె చేతివే. ఆ వంటగదిలో గాలీ లేదు, వెలుతురూ లేదు. ఒకనాడు ఆ చీకట్లో బాణలి అంచు కనబడక చెయ్యి తగిలి, కాగే నూనె ఎడమ చెంప మీద చిందింది. చర్మం కాలి ముడుచుకుపోయింది. కిటికీ పెట్టిస్తానని పెద్దశెట్టి గోపాలయ్య అప్పుడే మాట ఇచ్చాడు. పెట్టించకుండానే పోయాడు, మహానుభావుడు.

ఈ ఎండాకాలం ఆయన కొడుకు సుదర్శన్ హోటలును కొత్తగా కట్టించబూనాడు. మూసేసి కట్టిస్తే రైల్వేవాళ్ళంతా పక్క హోటలుకు మరుగుతారని అతని భయం.

"తిమ్మక్కా, ఒక్కరోజు గూడా పొయ్యి ఆరగూడదు. ఈతూరి నీకు గోడంత కిటికీ పెట్టిస్తా" అన్నాడు.

గోడంత! ఆ మాటకే పొంగిపోయింది పిచ్చితల్లి. పెరట్లో రేకుల కింద పొయ్యి వేయించుకుంది. అవతల గోడలు కూలుస్తుంటే, ఇటుకదుమ్ము తిండిలో పడకుండా చుట్టూ తడి గోనెపట్టాలు కట్టి, గంటకోసారి నీళ్ళు చల్లింది. తిండిలో పడని దుమ్మంతా ఆమె గొంతులోకి పోయింది. దగ్గు పట్టుకుంది. తినే వస్తువు దగ్గర దగ్గకూడదు కదా, సుదర్శన్ పద్మజ అనే అమ్మాయిని సాయానికి తెచ్చాడు. బొరుగులు ఎంతసేపు నానాలో, ఎంత గట్టిగా పిండాలో, పప్పులపొడి ఎప్పుడు చల్లాలో ఆ పిల్లకు ఒక్కటీ దాచుకోకుండా నేర్పింది తిమ్మమ్మ. మూడు నెలలూ గిరాకీ తగ్గలేదు.

కొత్త హోటలు తెరిచే రోజు ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొని వచ్చింది. రోడ్డు వైపు నిలువెత్తు అద్దం, అద్దం వెనకే పొయ్యి. నిజంగానే గోడంత కిటికీ. ఆమెకు కళ్ళనీళ్ళు వచ్చాయి. తుడుచుకొని చూస్తే, పొయ్యి దగ్గర పద్మజ నిలబడి ఉంది.

సుదర్శన్ బయటికి వచ్చి ఆమెను పక్కకు పిలిచాడు.

"దావన పోయేటోళ్ళంతా అద్దంలోంచి సూస్తారు తిమ్మక్కా. తినేకి వచ్చినోళ్ళకు నీ మొగం కనపడితే ఎట్ల? నువ్వు ఎనక గదిలో ఎర్రగడ్డలు తరుగుతా ఉండు."

"ఈ మొగం మీ నాయన పొయ్యి కాడ కాలిందే కదప్పా."

"ఇప్పుడా మాటలెందుకు? ముందర నిలబడొద్దు, సందులోంచి రా."

సందులోంచే వెళ్ళింది, ఇంకెక్కడికి పోతుంది? వెనక గదికి కిటికీ లేదు. పట్టపగలే లైటు వేసి ఉంచారు. ఉల్లిపాయల బుట్ట పక్కన పెట్టుకొని కత్తిపీట ముందు కూర్చుంది.

కాసేపటికి ముందుగదిలో తెలిసిన గొంతు వినబడింది. వెంకటేశులు, రైలు గార్డు. పదేళ్ళుగా ఆమె చేతి ఉగ్గాని తిన్నవాడు. తిమ్మమ్మ యాడ అని అడుగుతున్నాడు. ఒక్కడైనా అడిగాడు కదా అని ఆమె ప్రాణం లేచి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకొని లేవబోయింది.

"మానుకొని ఊరికి పాయనన్నా" అన్నాడు సుదర్శన్.

రుచి ఏమైనా మారిందా అని కూడా అడిగాడు. మారలేదప్పా అని వెంకటేశులు ఇంకో ప్లేటు చెప్పాడు.

తిమ్మమ్మ మళ్ళీ కూర్చుంది. గుంతకల్లు తప్ప ఆమెకు వేరే ఊరు లేదు.