పడవ మీది ముగ్గు

ఉడుమలైపేటలో తోట పోయాక ఆండియప్ప, పాంచాలి నాగపట్నం రేవులో ఒక పాత పడవకు కాపలాగా చేరి, అందులోనే కాపురం పెట్టారు. పిండి గాలికెగిరిపోతుందని పాంచాలి మార్గళి నెల, అంటే ధనుర్మాసపు చలిలో సుద్దముక్కతో పడవ మీదే ముగ్గేసేది. ఆమె పోయి, కర్మ ముగిసిన మర్నాటి నుంచి ఆండియప్ప ఆ ముగ్గు కోసం ఊళ్ళో గడప గడపా చూస్తున్నాడు.

ఒక వాకిట్లో తన ఇంటి భాష, తెలుగు మాట వినబడి ఆగాడు.

"ఏం వెతుకుతుండారన్నా?" అంది ముగ్గేస్తున్న ముత్తులక్ష్మి.

"నా పెండ్లాము ఏసే కోలమమ్మా. తామరపువ్వు మాదిరి ఉంటాది."

"గీసి చూపీండి."

ఆమె ఇచ్చిన సుద్ద అందుకుని వంగాడు. చెయ్యి కదల్లేదు. పడవలో ఉన్న నాలుగేళ్ళూ దాన్ని దాటుకుంటూ నడిచాడే గానీ ఏనాడూ తేరిపార చూడలేదు. ఆమె వేసిన చివరి ముగ్గైనా మిగిలి ఉండేదే. శవం లేచాక మైల పోవాలని, పడవంతా ఉప్పునీళ్ళు పోసి రుద్ది రుద్ది కడిగింది తనే.