ఎలుగుబంటి గుంత పక్కన మైకుబూర

నేను ఒక మైకుబూరను. జనం నన్ను మైకు అనేస్తారు గానీ అది తప్పు. అసలు మైకు ఆఫీసు గదిలో, ఫ్యాను కింద, మేడం మూతి ముందు దర్జాగా కూర్చుంటుంది. ఎండకు ఎండి, వానకు తడిసి, కాకిరెట్టలు నెత్తిన మోసేది నేను. మాట దానిది, అరుపు నాది. తిట్లు మాత్రం రెండింటికీ కలిపి నాకే వస్తాయి, కంటికి కనిపించేది నేనే కదా.

ఊరి చివర ఒక రేకుల షెడ్డులో పుట్టాను. అల్యూమినియం రేకును గరాటులా తిప్పి, మెడలో రాగితీగ చుట్ట పెట్టి, దాని మీద పలచని పొర ఒకటి బిగించి, బూడిదరంగు పూసి బజార్లో పెట్టారు. మొదట నన్ను కొన్నవాడు సౌండు సర్వీసు పాండురంగం. ఆయన దగ్గర నేను చూడని శుభకార్యం లేదు. పెళ్ళిళ్ళు, గణపతి పందిళ్ళు, ఇక ఎన్నికలొచ్చాయంటే ఆటో నెత్తిన కూర్చుని ఊరేగడమే. పొద్దున ఒక పార్టీ, సాయంత్రం ఇంకో పార్టీ. "మీ ఇంటి బిడ్డను ఆశీర్వదించండి" అని ఇద్దరి తరఫునా నేనే అరిచాను. ఒక్కరికీ సిగ్గు లేదు. నాకైనా ఉండాల్సింది, కానీ రేకుకు సిగ్గేమిటి చెప్పండి?

తర్వాత మనిషంత ఎత్తు నల్ల డబ్బాలు వచ్చాయి. వాటి ముందు నేను ముసలి పిల్లిలా కనిపించాను కాబోలు, పాండురంగం నన్నూ నా తోటివాళ్ళనూ గుత్తగా ఒక కాంట్రాక్టరుకు అంటగట్టాడు. ఆయన మమ్మల్ని తెచ్చి నగరంలోని జూపార్కులో దూరదూరంగా స్తంభాలకు బిగించాడు. నాకు దక్కిన చోటు ఎలుగుబంటి గుంత పక్కన. గుంత చుట్టూ నడుమెత్తు గోడ, గోడ మీద ఇనుప కమ్మీలు, ఆ కమ్మీలకు ఆనుకునే నా స్తంభం. వంగి చూస్తే ఎలుగుబంటి వీపు కనిపించేది.

జూకు జంతువులను చూడటానికి వస్తారని మీరనుకుంటారు. పైనుంచి చూసినవాణ్ణి, నన్నడగండి. సగం మంది పోట్లాడుకోవడానికే వస్తారు. "ఇంత ఎండలో ఇంత దూరం నడిపించి పడుకున్న పులిని చూపిస్తావా?" అని పెళ్ళాం మొగుణ్ణి దులిపేస్తుంది, పులిని పడుకోబెట్టింది వాడే అయినట్టు. కొందరు ఎలుగుబంటికి పల్లీలు, అరటితొక్కలు, చివరికి చిప్స్ కవరు కూడా విసురుతారు. అది లేవకపోతే ఈలలేస్తారు. ఆ విసిరే చేతులను చూసినప్పుడు కమ్మీలకు ఏ వైపు ఎవరుండాలో నాకు అనుమానం వచ్చేది. అలాగని అందరూ అంతే అంటే కళ్ళు పోతాయి. ఒకసారి చూపులేని పిల్లలను వాళ్ళ టీచరు తీసుకొచ్చి సింహం గర్జించేదాకా ఎండలో నిలబెట్టింది. గర్జన వినగానే ఆ పిల్లలు ఒకరి చేతులొకరు పట్టుకుని ఎగిరారు చూడండి, అంత ఆనందంగా ఆ సింహాన్ని కళ్ళున్నవాళ్ళెవరూ చూడలేదు.

మాకు పని చెప్పేది అనౌన్సరు విజయకుమారి మేడం. పాలమీగడ లాంటి గొంతు ఆవిడది. "సందర్శకులకు మనవి" అని మొదలుపెట్టి మూడు భాషల్లో చెప్పేది. జంతువులను విసిగించవద్దు, ప్లాస్టిక్ పారవేయవద్దు, ఫలానా నంబరు కారు దారికి అడ్డంగా ఉంది. ఎవరూ వినేవారు కాదు. తప్పిపోయిన పిల్లల గురించి చెప్పినప్పుడు మాత్రం తల్లులందరూ గబుక్కున తమ పిల్లలను తడుముకునేవాళ్ళు.

మొదట్లో తల్లిదండ్రులనే మైకులో పిలవనిచ్చేవారు. ఒకనాడు ఒక కుర్రవాడు తమ్ముడు తప్పిపోయాడని ఏడుపు మొహంతో వచ్చి మైకు అందుకుని, "స్రవంతీ, నువ్వు లేకపోతే నేను చచ్చిపోతా" అని మొత్తం పార్కుకు వినిపించాడు. స్రవంతి వాళ్ళ నాన్నతో కలిసి ఏనుగు దగ్గరే ఉంది. ఆ తర్వాత ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి. మర్నాడే ఆర్డరు వచ్చింది, బయటివాళ్ళకు మైకు ఇస్తే మేడం ఉద్యోగం పోతుందని.

నవ్వుకున్నాం అప్పుడు. ఆ ఆర్డరే జనవరి ఒకటో తారీఖున ఒక తల్లి ప్రాణం మీదికి వచ్చింది.

కొత్త సంవత్సరం రోజున జూ సంగతి చెప్పాలా? ఇసుక వేస్తే రాలదు. ఆ జనంలో మణెమ్మ అనే ఆవిడ కూతురు రిత్వికను వెంటబెట్టుకుని వచ్చింది. అపార్టుమెంట్లలో అంట్లు తోముకునే మనిషి. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఆ ఐదేళ్ళ పిల్ల ఒక్కటే. గులాబీ రంగు గౌను తొడిగి, రెండు జడలు వేసి తెచ్చింది. నా స్తంభం కిందే నిలబడి ఎలుగుబంటిని చూపిస్తుంటే, "అమ్మా, దానికి చెమట పోయదా?" అని ఆ పిల్ల అడగడం నేను విన్నాను. ముచ్చటేసింది.

కాసేపటికి ఇద్దరూ జిరాఫీల వైపు వెళ్ళారు. అక్కడ సీసాలో నీళ్ళు పట్టుకొస్తానని మణెమ్మ కుళాయి దగ్గరికి నాలుగడుగులు వేసిందట. ఇంతలో సందర్శకులను తిప్పే బ్యాటరీ బండి వచ్చింది, జనం అటూ ఇటూ ఒత్తుకున్నారు. వెనక్కి తిరిగేసరికి పిల్ల లేదు.

"సందర్శకులకు మనవి. రిత్విక అనే ఐదేళ్ళ పాప తప్పిపోయింది. గులాబీ రంగు గౌను, రెండు జడలు. రిత్వికా, నువ్వు ఎక్కడున్నా ఆఫీసు దగ్గరికి రామ్మా. మీ అమ్మ ఇక్కడే ఉంది."

మేడం ఎంత ప్రేమగా చెప్పిందో నేనూ అంత ప్రేమగానే అరిచాను. అప్పుడు చూశాను నా కిందికి. మూసేసిన ఐస్‌క్రీం బండికీ గుంత గోడకూ మధ్య సందులో గులాబీ రంగు ముద్ద ఒకటి కూర్చుని ఉంది. తల్లితో కలిసి చూసిన చోటు వెతుక్కుంటూ వచ్చిందేమో పిచ్చిది. తన పేరు వినగానే ఆ పిల్ల తల ఎత్తింది. ఎత్తి, బిక్కచచ్చిపోయి, ఇంకా లోపలికి జరిగింది.

నాకు అర్థం కాలేదు. మేడం మళ్ళీ పిలిచింది. పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుంది. మేడం గౌను రంగు చెప్పింది. పిల్ల గౌను అంచును కాళ్ళ కింద దాచుకుంది. ఇదేం చోద్యమమ్మా! పిలిచే కొద్దీ దాక్కునే పిల్లను నేనెన్నడూ చూడలేదు. ఎవరైనా ఆ సందులోకి తొంగి చూస్తే బాగుండునని నేను పడిన ఆరాటం అంతా ఇంతా కాదు. అదుగో, అక్కడే ఉందని నా గరాటు నిండా మాట ఉంది. నా సొంత మాట ఒక్కటి బయటికి వస్తేనా! ఎవరో పోస్తేనే పలికే బతుకు నాది.

మేడం మైకు ఆపడం మరిచిపోయింది. ఆఫీసు గదిలో మాటలు నాలోంచి బయటికి వస్తున్నాయి, చెవులు గట్టిగా మూసుకున్న పిల్లకు మాత్రం అవి చేరడం లేదు.

"అయ్యో నా తల్లీ, నేనే సంపుకున్న నా బిడ్డను!" మణెమ్మ నెత్తి కొట్టుకుంటోంది. "ఎవలు పిల్సినా పలకొద్దని నేనే నేర్పిన మేడం. మా బస్తీల పిల్లల దొంగలు తిరుగుతున్నరని, పేరు పెట్టి పిల్సినా పోవద్దు, పేరు తెల్సినోడే పెద్ద దొంగ అని రోజూ చెప్పి పనికి పోతుంటి. నీ గొంతు ఇంటే అది రాదు. నా గొంతు ఇంటేనే వస్తది. నీ కాల్మొక్త, ఒక్కపారి నన్ను మాట్లాడనియ్యి."

"ఇవ్వకూడదమ్మా. ఆర్డరుంది. సారుకు ఫోన్ చేస్తున్నా, ఎత్తడం లేదు..."

"నీకు పిల్లలు లేరా?"

ఆ మాట పార్కంతా వినిపించింది. మేడం మీగడ గొంతు కాస్తా గీరుకుపోయి, "పోతే పోనీ ఈ ఉద్యోగం. తీసుకో, మాట్లాడు" అంది.

మొదట ఏడుపే వచ్చింది. ఆ తర్వాత మాట. "బిడ్డా... రిత్వికా... ఏడున్నవ్ రా? నేను అమ్మను. గీడున్న బిడ్డా, గీడున్న. నా దగ్గరికి రా!"

మూసుకున్న చెవుల్లోకీ ఆ కేక దూరింది కాబోలు, పిల్ల చివాల్న సందులోంచి బయటికొచ్చింది. ఎగిరి గంతేశాను నేను, నా మట్టుకు నేను. హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఆ పిల్ల మొహం పైకెత్తి నన్ను చూసింది.

"అమ్మా! మీదికెందుకెక్కినవ్? దిగే!"

అమ్మ గొంతు ఎక్కడినుంచి వస్తోందో అమ్మ అక్కడే ఉంటుంది. ఐదేళ్ళ బుర్రకు అంతకు మించి ఎలా తెలుస్తుంది? అమ్మ పైనున్న ఆ బూడిదరంగు గరాటులో ఇరుక్కుని ఏడుస్తోంది. రమ్మంటోంది.

"నా దగ్గరికి రా బిడ్డా, జల్ది రా!"

పిల్ల చెప్పులు విప్పేసి గోడ ఎక్కింది.

వద్దు తల్లీ, దిగు. గుంత చుట్టూ ఎవరూ లేరు. ఎలుగుబంటి ఎంతకీ లేవడం లేదని విసుగెత్తి జనం ఎప్పుడో పులి వైపు వెళ్ళిపోయారు. దానికి ఈలలేసిన కాలేజీ కుర్రాళ్ళు నలుగురు మాత్రం కాస్త దూరంలో చెరుకురసం బండి దగ్గర నిలబడి, ఇటు వీపు పెట్టి, ఫోన్‌లో ఫొటోలు చూసుకుంటున్నారు. పిల్ల గోడ మీద నిలబడి కమ్మీ పట్టుకుంది. "అమ్మా, అందుతలేదు!" అని ఏడుస్తోంది. ఆ ఏడుపు నా అరుపులో కలిసిపోయింది. నేను ఎంత బాగా పలికితే ఆ పిల్ల అంత పైకి వస్తోంది. నా పుట్టుకలో మూగవాణ్ణి కావాలని కోరుకున్నది ఆ ఒక్క పూటే. లోపల ఎలుగుబంటి తల ఎత్తింది. పిల్ల ఒక కాలు కమ్మీకి అవతల వేసింది.

"రిత్వికా!"

ఆ తల్లి కడుపులో ఉన్న శక్తంతా పెట్టి కేక వేసింది. నాలో ఏదో చిట్లింది. కాలిన వాసన వచ్చింది. తర్వాత నా నోట మాట లేదు.

నేనేదో కావాలని ఆగిపోయానని గొప్పలు చెప్పుకోను. ఆ కేకకు నా తీగచుట్ట కాలిపోయింది, అంతే. కానీ ఆగాలి, ఆగాలి అని అనుకుంటూనే ఉన్నాను కదా, అందులో నా చేయి బొత్తిగా లేదని కూడా ప్రమాణం చేయలేను.

నా స్తంభం చుట్టూ ఒక్కసారిగా నిశ్శబ్దం. పిల్ల అలాగే ఆగిపోయింది, ఒక కాలు ఇటు, ఒక కాలు అటు. "అమ్మా! అమ్మా, ఏడ వోయినవే!" అని గుక్కపట్టి ఏడ్చింది. ఈసారి ఆ ఏడుపు చెరుకురసం బండి దాకా వెళ్ళింది. ఆ నలుగురిలో ఎర్రటోపీ పెట్టుకున్న కుర్రవాడు వెనక్కి తిరిగాడు. చేతిలో గ్లాసు ఎక్కడ పడేశాడో తెలియదు, ఒకే పరుగున వచ్చి పిల్ల నడుం పట్టుకుని ఇవతలికి లాగేశాడు.

ఆ పిల్ల వాడి చేతిని కసుక్కున కొరికింది. తల్లి నేర్పిన పాఠం మరి! వాడు "అబ్బా" అన్నాడే గానీ వదలలేదు. పొద్దుట అరటితొక్కలు విసిరింది ఆ చేయే. నెత్తురు కారుతున్న ఆ చేత్తోనే పిల్లను భుజాన వేసుకుని ఆఫీసు వైపు నాలుగడుగులు వేశాడు. పిల్ల కాళ్ళు చేతులు కొట్టుకుంటూ కేకలు పెడుతుంటే పులి వైపు వెళ్ళిన జనం తిరిగొచ్చి చూశారు, గులాబీ గౌను గుర్తుపట్టారు. ఊరుకుంటారా? పిల్లల దొంగ అన్నారు. వాడి చెంపలు వాచాయి. టోపీ ఎగిరి గుంతలో పడింది. కాదురా, వాడు కాదురా అని చెప్పడానికి నా దగ్గర అరువు గొంతు కూడా లేకపోయింది. వాడు దెబ్బలు తింటూనే పిల్లకు తగలకుండా వంగి నిలబడ్డాడు.

మణెమ్మ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాక గానీ ఆ చేతులు ఆగలేదు. పిల్లను లాక్కుని గుండెకు అదుముకుంది, ఒకటి చరిచింది, ముద్దులు పెట్టుకుంది, మళ్ళీ చరిచింది. ఏడుపు మధ్యలో ఆ కుర్రవాడికి దండం పెట్టింది. కొట్టినవాళ్ళు ఎటు వెళ్ళారో ఒక్కడు కనబడితే ఒట్టు.

సాయంత్రం పెద్దసారు విచారణకు వచ్చారు. ఇంత ఘోరం ఎలా జరిగిందని అడిగారు. గోడ ఎత్తు చాలదని ఎవరూ అనలేదు. అక్కడ కాపలా మనిషి లేడని ఎవరూ అనలేదు. విజయకుమారి మేడం చేతులు కట్టుకుని తల వంచుకుంది. అప్పుడు మణెమ్మే ముందుకొచ్చి వేలెత్తి నన్ను చూపించింది.

"గీ పాడు మైకు సారూ! నేను పిలుస్తాంటే నడిమిట్ల బందైంది. అమ్మ సప్పుడు ఆగిపోయిందని నా పోరి బెదిరి ఆ కమ్మీలెక్కింది. మేడం తప్పేం లేదు, ఆమెనేమనకుండ్రి. గీ దొంగమొకంది సక్కగ పలికి ఉంటే గింత కాకపోవు. దీని నోట్ల మన్ను వడ!"

అందరి ప్రాణాలూ తేలికపడ్డాయి. మేడం ఉద్యోగం నిలబడింది. సారు నిచ్చెన తెప్పించి నన్ను అప్పటికప్పుడే దింపించారు.

ఇప్పుడు నేను ఏనుగుల కొట్టం వెనక, విరిగిన బల్లల కింద, తుప్పు బోనుల మధ్య బోర్లా పడి ఉన్నాను. చీమలు నాలో ఇల్లు కట్టుకున్నాయి. పాత ఇనుము వాడు వచ్చి తూకానికి వేసుకునేదాకా ఇదే నా చోటు. నన్ను దింపి తీసుకుపోతుంటే మణెమ్మ ఇంకా తిడుతూనే గేటు వైపు నడిచింది. రిత్విక ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. తల్లి అంత గట్టిగా అరుస్తున్నా ఆ పిల్లకు మెలకువ రాలేదు. నన్ను తిట్టేందుకు ఆమెకు గొంతుంది, ఆ తిట్ల మధ్య నిద్రపోయేందుకు బిడ్డ ఉంది. తిట్టుకోనివ్వండి పాపం.