తువ్వాలు కింద నాలుగణాలు

ఆ పొద్దున మబ్బులు అప్పుడే కత్తిరించిన గొర్రెబొచ్చులా చెదిరి, చినుకు రాల్చకుండా పులివెందుల దిక్కుకు పోతున్నాయి. అరుగు మీద కూర్చున్న గంగులయ్యకు వాన మీద ధ్యాస లేదు. కూతురు తిరుపాలమ్మ ఆ సాయంత్రం ముద్దనూరులో రైలెక్కాలి. ఎక్కించాలో వద్దో ఆయన ఇంకా తేల్చలేదు.

కర్నూలులో డాక్టరు చదివి, జమ్మలమడుగులో కుదురుగా ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల. ఢిల్లీలో ఇంకా పెద్ద డాక్టరు చదువూ పరిశోధనా రెండూ కలిపి చేస్తానంటుంది. ఇంటర్వ్యూకు పిలిచారు. పోవాలంటే సెలవు లేదు, ఉన్న ఉద్యోగం వదలాల్సిందే. సీటు రాకపోతే రెండూ పోతాయి.

"సీటొచ్చేది రూపాయికి ఎన్నణాలమ్మీ?" అని మళ్లీ అడిగాడు. నయాపైసలు వచ్చి ఏళ్లయినా ఆయన లెక్క అణాల్లోనే. "సగానికి సగం, ఎనిమిదుంటే పో. తగ్గితే ఈడనే ఉండు."

ఆమె నోరు తెరిచేలోపే తల్లి ఓబమ్మ అందుకుంది. "పదారణాలు! నా బిడ్డకు రాకుంటే ఇంగెవురికొస్తాది?"

పొట్టేళ్లు చూడటానికి ప్రొద్దుటూరు నుంచి వచ్చిన దళారి మక్బూల్ నవ్వాడు. "మనం గొర్రె వయసుకు జూసినట్టు ఢిల్లీ వాళ్లూ పండ్లు జూస్తారా మామా?"

"పండ్లు గాదన్నా, మార్కులు" అంది తిరుపాలమ్మ. "గొర్రె కార్జంలో నీళ్ల బుడ్డలుంటాయే, అట్లాంటివే మనిషి కార్జంలో జూసినా. అవి యాడినుంచి వస్తాండాయో తేల్చాల."

"అది సరే, అణాలు జెప్పు" అన్నాడు తండ్రి.

ఆమె తల్లి వైపు చూసింది.

"ఇందర్లో ధర యాడ జెప్తాది మామా? సంతలో మనం నోటితో జెప్తామా?" అంటూ మక్బూల్ భుజం మీది తువ్వాలు తీసి తండ్రీకూతుళ్ల మధ్య పరిచాడు. సంతలో బేరమంతా గుడ్డ కిందే. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర, పక్కవాడికి తెలియదు.

"ఆడపిల్ల గుడ్డ కింద చెయ్యి పెట్టేదేందప్పా!" అంది ఓబమ్మ.

"మనిషి కడుపులోనే పెట్టొచ్చింది గదత్తా, గుడ్డ కిందికేం?"

తువ్వాలు కింద చల్లటి చెయ్యి గంగులయ్య నాలుగు వేళ్లు పట్టుకుని వదిలింది. నాలుగణాలు.

ఆయన ఆమె నాలుగు వేళ్లూ రెండుసార్లు నొక్కాడు. ఎనిమిది.

మళ్లీ నాలుగే.

పోనీ ఆరు, అన్నట్టు ఇంకోసారి నొక్కాడు. ఆ చెయ్యి జరగలేదు. నాలుగు.

గంగులయ్య ఎన్నో సంతలు చూశాడు. ముసలి గొర్రెను పడుచుదన్నవాళ్లను చూశాడు, కుంటిదాన్ని దుడుకుగా నడిపించి చూపినవాళ్లను చూశాడు. కొనేవాడే ధర పెంచుతుంటే తన సరుకు అంత చెయ్యదన్నవాళ్లను మాత్రం చూడలేదు. ఎనిమిది నొక్కితే చాలు, రైలు తనదేనని ఈ పిల్లకు తెలుసు. అయినా నొక్కలేదు. ఢిల్లీలో కూర్చున్నవాళ్లు మార్కులతో పాటు ఈ చెయ్యి కూడా ఒకసారి పట్టుకుని చూస్తే బాగుండు అనిపించింది.

ఆ నాలుగు వేళ్లనూ పిడికిట్లోకి తీసుకుని గట్టిగా ఊపాడు. అంటే బేరం కుదిరినట్టు.

"పెట్టె సర్దుకో పో" అని తువ్వాలు లాగేశాడు.

"ఎంతంట?" అంది ఓబమ్మ.

"కుదిరినాంక ధర అడగగూడదత్తా. సంత రివాజు."

మధ్యాహ్నం నలుగురూ వరసగా కూర్చున్నారు. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి. ఓబమ్మ ముద్ద నోట్లో పెట్టుకునే ముందు, ధర కనిపిస్తుందేమోనని ఒక్కొక్కరి మొహం చూసింది. ఎవరూ తల ఎత్తలేదు. కూతురి సంగటి మీద ఇంకో గరిటె నెయ్యి పోసి, తనూ తినసాగింది.