తెడ్డుకు అంటిన సిరా

నేను ఒక బర్మా టేకు తెడ్డును. ప్రస్తుతం విశాఖపట్నంలో, బర్మా నుంచి తిరిగొచ్చిన తెలుగువాళ్ల కాలనీలో, బంగారమ్మ కట్టెల పొయ్యి మీద పప్పు మెదుపుతున్నాను. మా చుట్టాలందరూ గొప్పిళ్ల ద్వారబంధాలయ్యారు. నా రాత పప్పు.

ఇదివరకు రంగూన్‌లో, బొమ్మలు చెక్కే పైడితల్లి వంటింట్లో ఉండేదాన్ని. సైన్యం గద్దెనెక్కినప్పుడు జనం కిటికీల్లో నిలబడి గిన్నెలు మోగించారు. అక్కడ దయ్యాలను తరిమేది అలాగే. పైడితల్లి నాతో సత్తు పళ్లెం సొట్టలు పడేలా వాయించింది. దయ్యాలకు సిగ్గుంటుందేమో గానీ సైనికులు కదల్లేదు, కాల్చారు. తర్వాత ఆమె కోసం ఇల్లిల్లూ వెతికారు. ఉలులనూ నన్నూ సంచిలో వేసుకుని మేనత్త బంగారమ్మ ఇంటికి పారిపోయి వచ్చింది. ఆమె తమ్ముడు సన్యాసి రంగూన్‌లోనే ఎక్కడో దాక్కున్నాడు.

ఇక్కడ నాకు రెండు ఉద్యోగాలు. పొద్దున పప్పు. మధ్యాహ్నం పైడితల్లి తాను బొమ్మ చెక్కిన చెక్క పలకకు నల్ల సిరా పూసి, కాగితం పరిచి, నా వీపుతో రుద్ది అచ్చు తీస్తుంది.

"పప్పు నల్లగా అయిపోతందే! దీన్ని కడిగినావేటే?"

"సబ్బెట్టి తోమినానత్తా."

"అందుకేనేటి, పప్పు నురగొస్తంది!"

పైడితల్లి చెప్పకుండా గడప దాటినా బంగారమ్మ ఊరుకోదు. "ఎల్లొత్తానని సెప్పడానికి నోరు పడిపోనాదా?" అని వీధి మలుపుదాకా తిట్లు వినిపిస్తాయి.

నిన్న పెద్ద బొమ్మ తొలి అచ్చు తీశాం. గిన్నెలు మోగించే ఆడవాళ్లు, ఎదురుగా తుపాకులు, ముందు వరసలో ఒక కుర్రాడు. ఇవాళ ఊళ్లో జరిగే బొమ్మల ప్రదర్శనలో పెడితే ఫొటోలు లోకమంతా తిరుగుతాయి. బంగారమ్మ కళ్లజోడు సవరించుకుంది.

"ఓలమ్మో, ఈడు మన సన్నాసే కదేటే! ఆ ముక్కు, ఆ గెడ్డం మీద మచ్చ! ఎవుడు సూసినా ఇట్టే పోల్చేత్తాడు!"

ఏ విమర్శకుడూ అంతగా మెచ్చుకోలేడు. పైడితల్లి మొహం మాత్రం పాలిపోయింది. పోల్చగలవాళ్లు రంగూన్‌ సైన్యంలోనూ ఉన్నారు.

ఉలి అందుకుంది. చెక్కలో తీసేసింది మళ్లీ అతకదు, అక్కడ సిరా అంటదు. ముక్కు పోయింది, మచ్చ పోయింది.

"పాడు సేసేత్తన్నావేటే!"

"ఆడు బతకాలత్తా."

మళ్లీ నాతో రుద్దింది. ఈసారి గుంపు నడుమ, మొహం ఉండవలసిన చోట తెల్లటి ఖాళీ. చూసేవాళ్ల కళ్లు ముందు అక్కడికే పోతాయి. ఉన్న మనుషులను వీళ్లిద్దరూ అంత తేరిపార చూడగా నేను చూడలేదు.

తొలి అచ్చు కాల్చడానికి పైడితల్లికి చేతులు రాలేదు. పొద్దున్నే బంగారమ్మ దాన్ని తీసుకుని, ఆ మొహాన్ని బొటనవేలితో ఒకసారి నిమిరి, పొయ్యిలో పెట్టింది. ఆ మంట మీదే ఈ పప్పు ఉడుకుతోంది.

పైడితల్లి మిగతా అచ్చులు ప్రదర్శనకని చుట్టి చంకన పెట్టుకుంది. బంగారమ్మ చెయ్యి ఆగింది. నేను పప్పులో నిలబడిపోయాను. ఇక తిట్లు మొదలవుతాయనుకున్నాను.

పైడితల్లి పొయ్యి వైపు ఒకసారి చూసి, వెళ్లొస్తానని చెప్పకుండానే గడప దాటింది. వీధి మలుపుదాకా ఒక్క తిట్టూ వినిపించలేదు.