మాటల్లేని క్యాసెట్టు

ఎల్బార్న్ ఊరి ఐసు హాకీ రింకు ముందుగదిలో పొద్దున పదింటికి కాఫీ వరస, అంటే రోజూ అక్కడ కాఫీకి చేరే జనం, కూర్చుందంటే, లోకంలో తేలని విషయమంటూ ఉండదు. తేలిందని ఎవరూ ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ఆ జనవరి మంగళవారం బయట మైనస్ ముప్పై నాలుగు. బళ్ళన్నీ ఇంజన్లు గడ్డకట్టకుండా గోడ పక్కన కరెంటు ప్లగ్గులు తగిలించుకుని బుద్ధిగా నిలబడి ఉన్నాయి. లోపల మాత్రం ఎల్మర్ వీబ్ వేడెక్కిపోయి ఉన్నాడు. వెయ్యెకరాల ఆవాలు పండించి పొలం కౌలుకిచ్చేశాక అతనికి మిగిలిన వ్యవసాయం ఈ వాదనొక్కటే.

“ఎనిమిది మిలియన్ డాలర్లు! ఏడాదికి! ఆ వాల్టోనెన్‌గాడికి! నిన్న మ్యాచి కళ్ళార్పకుండా చూశాను. వాడు టీవీలో నాలుగుసార్లు కనబడితే ఒట్టు.”

“అతను డిఫెన్సు మనిషి కదయ్యా,” అంది లొరేన్ పెల్చే, గల్లా వెనక నుంచి దాల్చినచెక్క రొట్టెలు పళ్ళెంలో సర్దుతూ. “అతనున్న చోట ఆట జరగట్లేదంటే అతను పని చేస్తున్నట్టే.”

“అయితే మా ఆవిడదీ డిఫెన్సే. నేను అంట్లు తోముతున్నంతసేపూ ఆ చుట్టుపక్కల కనబడదు.”

అందరూ నవ్వారు. లొరేన్ నవ్వలేదు. ఆ కాఫీ గది నడిపేదీ ఆమే, నలభై ఏళ్ళుగా ప్రతి మ్యాచికీ స్కోరు కాగితం రాసేదీ ఆమే. “పక్ ఎటు పోతే కెమెరా అటు పోతుంది. వాళ్ళు చూపించేది నల్ల రబ్బరు ముక్కని. ఆటని కాదు,” అంది.

ఆ మాట ఎల్మర్‌కి తగల్లేదు. మైరన్ హ్నాట్యూక్‌కి తగిలింది.

మైరన్ టెలిఫోను స్తంభాలెక్కే ఉద్యోగం చేసి దిగిపోయినవాడు. కానీ ఊరు అతన్ని గుర్తుంచుకున్నది దానికి కాదు. ఇరవై ఆరు చలికాలాలు ఊరి కేబుల్ చానెల్‌కి హాకీ మ్యాచిలు తీసింది అతనే. ఒక్క కెమెరా, ఒక్క మనిషి. పక్‌ని ఒక్క క్షణం కూడా తెరమీంచి జారనివ్వడని పేరు. ఆ పేరు తల్చుకుని డెబ్బై ఒకటో ఏట కూడా కొంచెం ఛాతీ విరుచుకుని నడిచేవాడు.

వాదన వాల్టోనెన్ దగ్గర మొదలైనా, అందరి మనసులో ఉన్నది ఊరి గొడవే. రింకు కట్టి యాభై ఏళ్ళవుతోంది. ఫిబ్రవరిలో పండగ. ఊరి జట్టుకి ఆడినవాళ్ళలో ఒక్కడి జెర్సీ, ఒక్కటంటే ఒక్కటే, పైన దూలానికి వేలాడదీయాలని తీర్మానించారు. ఎవరిదో తేల్చడానికి ముగ్గురి కమిటీ. ఎల్మర్, లొరేన్, మైరన్.

అది పెద్ద చిక్కు కాదనే అందరూ అనుకున్నారు. ఎనభై ఏడో సంవత్సరంలో కప్పు గెలిచిన చలికాలం అరవై ఒక్క గోల్సు కొట్టిన క్లింట్ ఫెయిర్ అదే బల్ల దగ్గర కూర్చుని రొట్టె మీది చక్కెర వేలితో గీకుతున్నాడు. ట్రాక్టర్ల కొట్టు నడిపి మానేశాడు, అరవై ఒకటి అనడం మాత్రం మానలేదు. ఎల్మర్ ఓటు అతనికి. లొరేన్ మాత్రం కిందటి వారం పాత స్కోరు కాగితాల కట్ట బల్లమీద పడేసి, “నాలుగో నెంబరు,” అంది.

నాలుగో నెంబరు ఆల్విన్ తేవ్స్. ఇప్పుడు రింకులో ఐసుని నున్నగా చేసే బండి నడిపేది అతనే. కాఫీ వరసలో చివరి కుర్చీ అతనిది. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు “ఊ”లే. ఆ రోజు కూడా వచ్చి, సగం కప్పు తాగి, గడియారం చూసుకుని ఐసు మీద నీళ్ళు పట్టడానికి పోయాడు. తన పేరు కమిటీ ముందుందని అతనికి తెలుసో లేదో ఎవరికీ తెలియదు.

“మళ్ళీ చూడు,” అంది లొరేన్ కాగితాలు తడుతూ. “ఆ ఏడాది మనం ఓడినవి ఏడు. అందులో ఆరింటికి ఆల్విన్ లేడు. మణికట్టు విరిగి ఇంట్లో ఉన్నాడు.”

“కాకి వాలింది, తాటిపండు పడింది,” అన్నాడు ఎల్మర్. “ఆ ఏడాది వాడు కొట్టిన గోల్సెన్ని?”

“రెండు.”

“విన్నావా క్లింట్? రెండట. నీకు గట్టి పోటీయేరా!”

క్లింట్ భుజాలెగరేశాడు. “ఆల్విన్ మంచోడు. నేనేమీ అనను. కమిటీ మీది.” ఏమీ అననన్నాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. దూలానికి తన జెర్సీ వేలాడితే మనవరాళ్ళని కింద నిలబెట్టి ఫొటో తీయించుకోవాలని అతను ఇంట్లో అప్పుడే చెప్పేసుకున్నాడు. మాట పెదవి దాటితే పృథివి దాటుతుంది కాబట్టి, ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

“వాదనెందుకు?” అన్నాడు ఎల్మర్. “మైరన్ క్యాసెట్లున్నాయిగా. అందులో ఆల్విన్ ఏం ఒరగబెట్టాడో చూసి గురువారం చెబుతాడు. క్యాసెట్టు అబద్ధమాడదు. ఏరా మైరన్?”

“ఆడదు,” అన్నాడు మైరన్. ఆ నిమిషం నుంచి జెర్సీ ఎవరిదన్నది అతని మెడకి చుట్టుకుంది.

ఆ మధ్యాహ్నం అతను ఇంటి కింది గదిలోకి దిగి ఎనభై ఏడు నాటి పెట్టె తెరిచాడు. ముప్పై ఒక్క క్యాసెట్లు. వాటిమీద తన చేతిరాత చూసుకుని కాసేపు మురిసిపోయాడు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా! మొదటిది పెట్టాడు. క్లింట్ పరుగు, క్లింట్ మలుపు, క్లింట్ గోలు. పైన వ్యాఖ్యానం చెప్పే స్కూలు హెడ్మాస్టరు డుబిట్స్కీగారి గొంతు పైకప్పు లేచిపోయేలా, “క్లిం...ట్!” ఆయన పోయి పదేళ్ళయింది. ఆ గొంతు వినగానే మైరన్ ఒంటరిగా కూర్చునే నవ్వేశాడు.

కానీ ఆల్విన్ ఏడీ?

రెండోది, మూడోది, ఆరోది. అప్పుడప్పుడు తెర ఎడమ అంచున ఓ భుజం. ఓ కర్ర కొస. పక్ అతని దగ్గరికొచ్చిందంటే క్షణంలో వెళ్ళిపోయేది, దానితోపాటే కెమెరా. ఒకచోట నాలుగో నెంబరు వీపు నిండుగా కనబడింది. తీరా చూస్తే అతను బెంచీకి వెళ్ళిపోతున్నాడు. ఆరు మ్యాచిల్లో ఆల్విన్ కనబడ్డది అంతా కలిపి ఓ గుడ్డు ఉడికేంతసేపు.

ఎల్మర్ మాటే నిజమని తేల్చేసి పైకి వెళ్ళిపోవచ్చు. కానీ మైరన్‌కి ఓ చిన్న అనుమానం ముల్లులా గుచ్చుకుంది. అవతలి జట్టువాళ్ళు ఎడమ వైపు నుంచి దూసుకొస్తారు. మధ్యకొచ్చేసరికి ఏదో చూసి జడిసినట్టు పక్‌ని కుడికి తోసేస్తారు. ఒకసారి కాదు, ప్రతిసారీ. దేన్ని చూసి? తెరలో అక్కడ ఏమీ లేదు. ఆ ఏమీ లేనిచోట ఏముందో చూడాలనిపించి మెడ పక్కకి వంచాడు. టీవీ అంచు దాటి కనబడుతుందా! తనని తానే తిట్టుకున్నాడు. కెమెరాని రెండడుగులు పక్కకి తిప్పి ఉంటే తెలిసేది. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా తిప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం పెట్టె అడుగున ఒక క్యాసెట్టు దొరికింది. మీద “మాటల్లేనిది” అని రాసుంది. మైరన్‌కి గుర్తొచ్చింది. ఆ రోజు మంచు తుఫానులో డుబిట్స్కీగారి కారు ఊరి బయటే ఇరుక్కుపోయింది. వ్యాఖ్యానం లేకుండానే మ్యాచి ప్రసారం చేస్తే ఉప్పులేని పప్పులా ఉందని జనం చానెల్‌కి ఫోన్లు చేసి తిట్టారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ మళ్ళీ వెయ్యలేదు.

పెట్టాడు. స్కేట్లు ఐసుని కోసే చప్పుడు. కర్రల టకటక. బెంచీ మీద తీగకి వేలాడే మైకులో ఆటగాళ్ళ రొప్పులు. వాటన్నిటి మధ్య, ఆపకుండా ఒక గొంతు.

“క్లింట్, టైముంది! టైముంది! వెనక ఎవడూ లేడు... ఇప్పుడొస్తున్నాడు, ఎడమకి తిరుగు! ఆగు... ఆగు... కొట్టు!”

తెరమీద క్లింట్ ఒక్కడే ఉన్నాడు. వెనక్కి చూడకుండా ఎడమకి తిరిగాడు. ఆగాడు. కొట్టాడు. గోలు.

మైరన్ కుర్చీ అంచుకి జరిగాడు. ఎవరిదీ గొంతు? కోచ్‌ది కాదు, ఆయనకి గొంతు కీచు. గోల్‌కీపరుది కాదు, వాడు అవతలి కొసన ఉన్నాడు. ఆ గొంతుని ఎప్పుడూ విన్నట్టే లేదు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. రెండో భాగంలో రిఫరీ ఈల వేసి, ఏదో తప్పు పట్టి ఎవరినో రెండు నిమిషాలు ఆట బయట శిక్ష పెట్టెలో కూర్చోబెట్టాడు. ఆ రెండు నిమిషాలూ రింకు మూగబోయింది. క్లింట్ వెనక నుంచి ఎవడో వచ్చి పక్ లాక్కుపోయాడు. అవతలివాళ్ళు గోలు కొట్టారు. శిక్ష పెట్టె తలుపు తెరుచుకుంది. గొంతు మళ్ళీ మొదలైంది. మైరన్ లేచి టీవీ దగ్గరికి పోయి కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. తలుపులోంచి బయటికొచ్చి తెర అంచున మాయమైపోతున్న జెర్సీ మీద నాలుగు.

రోజుకి ఆరు “ఊ”లు అనే ఆల్విన్!

మైరన్‌కి నవ్వొచ్చింది. ఆ వెంటనే కుర్చీలో కూలబడ్డాడు. ఊరంతా నా కళ్ళతోనే చూసింది, అనుకున్నాడు. నేనేమో రబ్బరు ముక్క వెంట పోయాను. ఒక మనిషి పక్కనే నిలబడి గొంతు చించుకుంటుంటే ఇన్నేళ్ళూ పట్టించుకోలేదు. సిగ్గుతో అతని మొహం నిజంగానే వేడెక్కింది.

గురువారం పొద్దున పాత వీడియో పెట్టెని చంకన పెట్టుకుని రింకుకి వచ్చాడు.

“ఇదేంట్రా, పెళ్ళి వీడియోనా?” అన్నాడు ఎల్మర్.

“నోరు మూసుకుని విను. చూడకు, విను.”

గోడమీది టీవీకి తగిలించి మొదలుపెట్టాడు. మొదటి నిమిషం ఎల్మర్ సణిగాడు. రెండో నిమిషం లొరేన్ చేతిలోని పళ్ళెం కింద పెట్టేసింది. క్లింట్ మాత్రం రొట్టె ముక్క నోటి దాకా తీసుకెళ్ళి అలాగే ఉండిపోయాడు. తెరమీద ఇరవై మూడేళ్ళ క్లింట్ ఎడమకి తిరిగి గోలు కొట్టాడు.

“మళ్ళీ వెయ్యి,” అన్నాడు.

మైరన్ మళ్ళీ వేశాడు. ఇంకోసారి వెయ్యమన్నాడు. వేశాడు.

“అందరూ అడిగేవాళ్ళు, వెనక్కి చూడకుండా నీకెలా తెలుస్తుందిరా అని,” అన్నాడు క్లింట్ మెల్లగా. “తెలుస్తుందంతే అనేవాణ్ణి. వీపుకి కళ్ళున్నాయనేవాణ్ణి. మనవరాళ్ళక్కూడా అదే చెప్పాను. నిజంగానే అలా అనుకున్నాన్రా. ఆ అరుపులు నాకు వినబడ్డట్టు కూడా గుర్తులేదు.” రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. “నా వీపుకి కళ్ళు లేవు. వాడి నోరే నాకు కళ్ళు.”

ఎల్మర్ లేచి టీవీ గొంతు ఇంకొంచెం పెంచాడు.

అప్పుడే పక్క తలుపు తోసుకుని ఆల్విన్ వచ్చాడు, బూట్లకి ఐసు ముక్కలతో. టీవీలోంచి తన గొంతు తన మీదే ఉరిమింది. ఆగిపోయి చూశాడు.

“అబ్బో,” అన్నాడు. “అప్పట్లో బాగా అరిచేవాణ్ణే.”

“మరి ఇక్కడ నోరు విప్పవేమయ్యా?” అంది లొరేన్. “ముప్పై ఎనిమిదేళ్ళుగా చివరి కుర్చీలో కూర్చుని ఊ అంటావు!”

ఆల్విన్ బూట్ల మీది ఐసు దులుపుకున్నాడు. “ఇక్కడ ఎవరి వెనకా ఎవరూ రావట్లేదుగా,” అన్నాడు.

మైరన్ తన ఓటు చెప్పాడు. చెప్పనక్కర్లేదు, అప్పటికే క్లింట్ లేచి తన కుర్చీ ఆల్విన్ వైపు జరిపాడు. “ఒరేయ్, నిచ్చెన నేను పట్టుకుంటా. కానీ అరవై ఒకటి మాత్రం నావేరా. అది వదలను.”

“నీవే,” అన్నాడు ఆల్విన్. “నాకెందుకవి?”

ఎల్మర్ గొంతు సవరించుకున్నాడు. “సరే. కానీ ఆ వాల్టోనెన్‌కి ఎనిమిది మిలియన్లు ఎక్కువే. ఏడు చాలు.”

ఫిబ్రవరిలో ఒక శనివారం నాలుగో నెంబరు జెర్సీ దూలానికెక్కింది. తర్వాత పాత ఆటగాళ్ళు సరదా మ్యాచి ఆడారు, పొట్టలూ మోకాళ్ళ పట్టీలూ వేసుకుని. చానెల్‌వాళ్ళు అడిగితే మైరన్ ఆఖరిసారి కెమెరా వెనక నిలబడ్డాడు. పక్ క్లింట్‌కి అందింది. క్లింట్ కుడివైపుకి పోయాడు. మైరన్ చెయ్యి పాత అలవాటుకొద్దీ కుడికి జారింది. దాన్ని పట్టి ఆపాడు. కెమెరాని ఎడమకి తిప్పి అక్కడే ఉంచాడు.

జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది. ఇంట్లో చానెల్ చూస్తున్న ఎల్మర్ పెద్దకూతురై ఉంటుంది, పక్ ఏదీ, గుడ్డివాడివా అని. మైరన్ తీయలేదు. తెరలో అరవై రెండేళ్ళ ఆల్విన్ మోకాళ్ళు వంచి నిలబడి, తల అటూ ఇటూ తిప్పుతూ, రింకు మొత్తాన్నీ చూస్తున్నాడు. రెండడుగులు పక్కకి వేశాడు. అంతే, ఎడమ నుంచి రాబోయినవాడు వెనక్కి తగ్గాడు. ఇదా సంగతి, అనుకున్నాడు మైరన్. ఇన్నాళ్ళూ తెర అవతల జరిగింది ఇదా!

“క్లింట్, టైముంది!” అరిచాడు ఆల్విన్. “ఆగు... ఆగు... కొట్టు!”

హారను మోగింది. జనం లేచి కేకలు వేశారు. ఆ గోలు మైరన్ చూడలేదు. అతని తెరమీద ఆల్విన్ ఒక్కడే ఉన్నాడు.