కొండమీది ఏడుపు

చాదోల్ రోజూ చీకటితోనే లేచి, ముతక జనపనార బట్టలు కట్టుకుని, కొండమీద పెద్దదొర సమాధి ముందు కూర్చుని ఏడ్చేవాడు. పొద్దువాలాక మళ్లీ ఏడ్చేవాడు. మధ్యలో సమాధి దిబ్బమీద కలుపు పీకేవాడు, కొర్ర గంజి తాగేవాడు.

తండ్రి పోతే సమాధి దగ్గర కొడుకే మూడేళ్లు కాపుండి ఏడవాలని ఆచారం. రాజధాని కొలువులో ఉన్న చిన్నదొరకి అంత తీరిక లేదు. అందరు దొరల్లాగే తన బదులు బానిసను పెట్టాడు. మూడేళ్లు నిండితే బానిస పత్రం కాల్చేసి వదిలేస్తానన్నాడు. వదిలితే చాదోల్ యేసొంగ్ నది దాటి తన తల్లి దిబ్బ దగ్గరికి వెళ్లాలి. ఆమెను పూడ్చిన రోజున అతను దొర గుర్రాలకు గడ్డి కోస్తున్నాడు. ఆమె కోసం ఇంతవరకూ ఏడవలేదు.

రెండో చలికాలంలో జ్వరమొచ్చి సమాధి పక్కనున్న తన గుడిసెలోంచి లేవలేకపోయాడు. అయినా వేళకు సమాధి దగ్గర ఏడుపు మొదలైంది. అతని గొంతే. గంజి తెచ్చిన వంటింటి దాసి ఒక్‌సిమ్ తలుపు తీసి చూసింది.

"ఇక్కడ పడుకుని అక్కడ ఏడుస్తున్నావే."

"అదే వెళ్లిందక్కా. అలవాటైపోయింది దానికి."

"నీ పని బాగుందిరా. నా చేతులూ అలా వెళ్లి గిన్నెలు తోముకొస్తే ఎంత బాగుండును. తాగు, చల్లారిపోతుంది."

ఇక అతను ఏడవలేదు. ఏడుపే రెండుపూటలా వచ్చి ఏడ్చిపోయేది.

మూడేళ్లు నిండాక చిన్నదొర గుర్రమెక్కి వచ్చాడు.

"నీ ఏడుపు కింద ఊళ్లోకి వినిపిస్తోందిరా. కొలువులో నన్ను మెచ్చుకుంటున్నారు."

"దొరా, పత్రం..."

"మా అమ్మకి ఒంట్లో బాగోలేదు. ఇలా ఏడ్చేవాణ్ణి మళ్లీ ఎక్కడ వెతకను? ఆవిడది కూడా కానియ్యి, చూద్దాం."

"ఆవిడింకా బతికే ఉన్నారు గదా, దొరా."

"అందుకే ఈలోగా నాన్న దగ్గరే ఉండు."

చాదోల్ తల వంచాడు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. దొర వెళ్లాక ఒక్‌సిమ్ గంజి కుండ దించి అంది:

"ఆయనకి కావలసింది ఏడుపేగా. అది ఉంటుంది. నువ్వు పో. గంజి నేను మోసుకొస్తూనే ఉంటా. నేనే తాగుతా."

మిట్టమధ్యాహ్నం నడుచుకుంటూ కొండ దిగాడు. ఎవరూ వెతకలేదు. ఊరికి రెండుపూటలా ఏడుపు వినిపిస్తూనే ఉంది.

ఆరోరోజుకి తల్లి దిబ్బ దొరికింది. చాదోల్ దాని ముందు కూర్చుని నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. గొంతు సవరించుకుని మళ్లీ ఏడవబోయాడు. ఏడుపు కొండమీదే ఉండిపోయింది, దాని పనిలో అది ఉంది.

కాసేపు కలుపు పీకాడు. తర్వాత దిబ్బకు ఆనుకుని పడుకున్నాడు. మర్నాడు పొద్దు నడినెత్తికి వచ్చినా లేపేవాళ్లెవరూ రాలేదు.