బిడ్డ నంబరు మీద ఇచ్చిన మిషన్

ప్రతి సోమవారం క్లెయిముల గుమస్తా పదకొండు ఇళ్లకు ఫోన్ చేస్తుంది. ఆరోగ్య బీమా కింద బాలింతలకు ఇచ్చిన, తల్లిపాలు తీసే మిషన్లు వాడుతున్నారో లేదో చూడాలి. మిషన్ ఆన్ చేసి ఫోన్ పక్కన పెట్టమంటుంది. చప్పుడు వినిపిస్తే ఇంకో వారం పొడిగింపు.

నాలుగో నంబరు తల్లికి నెలలు నిండకుండా బాబు పుట్టాడు. ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంచారు.

"బాబు ఎలా ఉన్నాడమ్మా?"

"నిద్రపోతున్నాడక్కా."

మూడు సోమవారాలు అదే జవాబు. నాలుగో వారం గుమస్తా ఒక కాగితం కోసం వార్డుకు ఫోన్ చేసింది. నర్సు రిజిస్టరు తిరగేసి, ఆ బిడ్డ పోయి ఇరవై రెండు రోజులైందని చెప్పింది.

సూపర్‌వైజర్‌ను ఆఫీసులో రూలుకర్ర అంటారు. "బిడ్డ బీమా నంబరు మూసేస్తే మిషన్ వెనక్కి రావాలి. గురువారం మనిషిని పంపు," అన్నాడు.

గుమస్తా ఆ తల్లికి ఫోన్ చేసింది. వెనక మిషన్ నడుస్తోంది.

"వార్డువాళ్లు చెప్పారమ్మా."

మిషన్ ఆగలేదు.

"తీసుకెళ్లిపోతారా? రెండుసార్లు ఆపి చూశానక్కా. రాళ్లలా గట్టిపడ్డాయి, జ్వరం వచ్చింది. మా అత్తయ్య తడిగుడ్డలు వేస్తూ కూర్చుంది. వాడు లేడని నాకు తెలుసు. పాలకెవరు చెప్తారు?"

"తీసినవి ఏం చేస్తున్నావు?"

"సీసాల్లో పోసి, తేదీలు రాసి ఫ్రిజ్‌లో పెడుతున్నా."

గుమస్తా ఫైలు తెరిచింది. రోగి అన్నచోట బిడ్డ నంబరు ఉంది, తన చేతిరాతే. ఆసుపత్రిలో ఉన్నది బిడ్డ కాబట్టి అందరూ అలాగే రాస్తారు. పాలు గడ్డకట్టేది తల్లికి. నంబరు కొట్టేసి తల్లిది వేసింది. పాలు తీయడం మూడు వారాల్లో మెల్లగా తగ్గించాలని డాక్టరు చేత ఉత్తరం రాయించి జతచేసింది.

"ఇన్నేళ్లూ బిడ్డ మీదే రాశాం," అన్నాడు రూలుకర్ర.

"ఇన్నేళ్లూ తప్పు రాశాం సార్."

"నీకీమధ్య నోరు లేస్తోంది." ఉత్తరం రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు.

తర్వాతి సోమవారం చప్పుడు ఎనిమిది నిమిషాలు నడిచింది. ఆపై వారం మూడు. మూడోవారం ఏమీ లేదు.

"ఇవాళ అవసరం పడలేదక్కా."

"మిషన్ కోసం మనిషి వస్తాడమ్మా."

"సీసాలు కూడా పట్టుకెళ్తాడా?"

"లేదు. కాగితంలో మిషన్ ఒక్కటే ఉంది."

గుమస్తా ఐదో నంబరు నొక్కింది. ఆ తల్లి మిషన్ ఆన్ చేసింది. బిడ్డ ఎలా ఉందని అడగబోయి గుమస్తా ఆగిపోయింది. చప్పుడు నడుస్తూనే ఉంది.

"అక్కా, లైన్లో ఉన్నారా?"

"ఉన్నానమ్మా. వింటున్నా."